నీళ్ల బకెట్టు

మిస్సోరీలో మాకది మూడో రాత్రి.
వంటగది కిటికీ దగ్గర గిన్నెలు తోముతున్నాను.
వెనక దొడ్లో, గడ్డి మోకాలెత్తు పెరిగినచోట
ఒక రవ్వ లేచింది.

ఆరింది.
దాని పక్కనే ఇంకొకటి.

కాలిఫోర్నియా కొండల్లో పుట్టినదాన్ని.
జూన్ వస్తే మా ఊళ్లో గడ్డి కరకరలాడుతుంది.
వెనక వేలాడే గొలుసు రోడ్డుకు రాసుకుంటూ
ఒక ట్రక్కు వెళ్తే చాలు, కొండ కొండంతా పోతుంది.
ముందు రవ్వే. ఎప్పుడూ ముందు ఒక్క రవ్వే.
ఆ తర్వాత వీధిలో పొగగొట్టాలు మాత్రం మిగులుతాయి,
ఇళ్లు ఎటు వెళ్లాయో తమకేం తెలియనట్టు.

సబ్బు చేతులతోనే బకెట్టు లాగాను.
నిండేదాకా ఆగలేక సగానికే పరిగెత్తాను.
"రస్! పిల్లని కార్లో కూర్చోబెట్టు!"
కాళ్లకి చెప్పుల్లేవు.
గడ్డి తడిగా తగిలింది. జూన్ నెలలో తడిగడ్డి!
అదైనా నాకు తట్టలేదు.
ఉన్న నీళ్లన్నీ ఒక్క విసురు విసిరాను.

అవి చెదరలేదు.
ప్రతిదీ వెలుగుతూ కాస్త కిందికి జారి,
కొక్కెంలా వంగి, పైకి లేచి ఆరుతోంది.
మళ్లీ అదే. ఏ తొందరా లేదు.
గాలి లేదు. చిటపట లేదు. పొగ వాసన లేదు.
ఆ లేకపోవడమే నన్ను ఇంకా భయపెట్టింది.

కంచె అవతలి వరండాలో ముసలి వెర్లీన్
చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.
"ఏమైందే అమ్మాయ్?"
"మిణుగురులు!" అన్నాను, ఊపిరాడక.
"మిణుగురులే," అంది.

ఇద్దరం అన్నది ఒకే మాట.
నా మాటలో ఇల్లు అంటుకుంటోంది.
ఆమె మాటలో వేసవి మొదలవుతోంది.

ఒళ్లోని గిన్నె దించి, కంచె తలుపు తోసుకుని వచ్చి
గాల్లోంచి ఒకదాన్ని పువ్వు కోసినంత తేలిగ్గా తీసి
నా అరచేతిలో పెట్టింది. చెయ్యి వెనక్కి గుంజుకున్నాను.
"కాలదులే," అంది.
కాలలేదు. ఆరు కాళ్లు, ఒక చక్కిలిగింత.
పచ్చటి వెలుగులో నా గోళ్ల కింది సబ్బు కనబడింది.

అప్పుడు గుర్తొచ్చింది టెస్సా.
ఇంటిముందు కారు ఇంజను తిరుగుతూనే ఉంది.
స్టీరింగు పట్టుకుని రస్ నాకోసం చూస్తున్నాడు.
వెనక సీట్లో ఆరేళ్ల పిల్ల
బెల్టు తనే పెట్టుకుంది, బూట్లు తనే వేసుకుంది,
ఒళ్లో పిల్లి లేని పిల్లిబుట్ట.
ఏడవడం లేదు.
ఆ ఏడవకపోవడం దానికి మేం నేర్పిన చదువు.

నేనేం చెప్పాలా అని నిలబడి ఉంటే
వెర్లీన్ అద్దం మీద వేలితో కొట్టింది:
"ఆ లైట్లు ఆర్పవయ్యా! మగవి ఆడవాటిని పిలుచుకునే వేళ.
నీ కారుని చూసి సిగ్గుపడి చస్తున్నాయి."

రస్ ఆర్పాడు.
మొదట ఏమీ లేదు. నల్లటి చీకటి.
ఎక్కడో చెట్లలో ఒక పిట్ట అన్నదే అంటోంది,
అప్పు అడగడానికొచ్చి గుమ్మం వదలనివాడిలా.
తర్వాత గడ్డి మీద, కంచె మీద, ఓక్ కొమ్మల మీద,
ఆఖరికి కారు అద్దం మీద కూడా.

"వీటికి ఫైరింజన్ రాదా?" అడిగింది టెస్సా.
"రాదు."
"ఎవరైనా ఫోన్ చేసినా?"
"చేసినా."
కాసేపు ఆలోచించింది. బెల్టు తియ్యలేదు.
అద్దం మాత్రం నాలుగు వేళ్లంత దించింది.

ఆ బకెట్టు ఇప్పటికీ వెనక గుమ్మం దగ్గరే ఉంటుంది.
రోజూ సాయంత్రం నింపుతాను. రస్ ఏమీ అనడు.
నిన్న పొద్దున ఒలకబొయ్యబోతే
అంచు కింద బొటనవేలంత చెట్టుకప్ప,
బూడిదరంగుది, లోపలి గోడకి అతుక్కుని
నా మొహంలోకి చూసింది.

ఒలకబొయ్యలేదు.